ఏఐ రాసిచ్చిన తెలుగును మనిషి రాసినట్టు దిద్దడం ఎలా?

ప్రశ్న ఇది: "మా చిన్న వెబ్‌సైట్‌కి చాట్‌జీపీటీతో తెలుగు వ్యాసాలు రాయిస్తున్నాను. అక్షర దోషాలు లేవు, సమాచారమూ ఉంది. అయినా చదివినవాళ్లు మెషీన్ రాసినట్టుందంటున్నారు. మాటలు మార్చాను, కొంచెం యాస కలిపాను, ఏఐ రాసిందో కాదో చెప్పే డిటెక్టర్‌లో పెట్టి చూశాను. లాభం లేదు. ఏం చేయాలి?"

మాటలు మారిస్తే పోయేది కాదండీ ఇది. నేను ఓ దినపత్రిక డెస్కులో చాలాకాలం సబ్ ఎడిటర్‌గా చేశాను. వార్తా ఏజెన్సీ నుంచి ఇంగ్లిషులో వచ్చే కాపీని ఎడిషన్ టైముకి తెలుగు చేయడం మా పని. కొత్తగా చేరిన కుర్రాళ్లు రాసే తెలుగుకీ, ఇప్పుడు ఏఐ రాసే తెలుగుకీ పెద్ద తేడా కనిపించదు నాకు. ఆ మాటకొస్తే 2009-11 ప్రాంతంలో గూగుల్ అనువాద పరికరంతో తెలుగు వికీపీడియాలో బోలెడు వ్యాసాలు చేర్చినప్పుడూ ఇదే గొడవ. వాక్యం చూస్తే తెలుగే, చదివితే నోరు తిరగదు. వాటిని బాగుచేయాలా, తీసేయాలా అని అక్కడివాళ్లు తలలు పట్టుకున్నారు.

మీ వ్యాసం నా ముందు లేదు కాబట్టి, నా దగ్గరికి దిద్దడానికి వచ్చే బాపతు పేరా ఒకటి పెడతాను. కొండపల్లి బొమ్మల గురించి.

"కొండపల్లి బొమ్మలు ఆంధ్రప్రదేశ్ యొక్క ఒక ప్రసిద్ధ హస్తకళ. ఇవి తెల్ల పొణికి అని పిలువబడే ఒక ప్రత్యేకమైన చెక్కతో తయారు చేయబడతాయి. ఇవి కేవలం ఆట వస్తువులు మాత్రమే కాదు, తెలుగు సంస్కృతి యొక్క సజీవ ప్రతిబింబాలు. సంక్రాంతి అనేది తెలుగువారు జరుపుకునే ఒక ముఖ్యమైన పంట పండుగ. ఈ పండుగ సమయంలో బొమ్మల కొలువులో ఈ బొమ్మలు కీలక పాత్ర పోషిస్తాయి."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇది ఎవరితో మాట్లాడుతోందో చూడండి. సంక్రాంతి అంటే ఏమిటో తెలుగువాడికి తెలుగులో చెబుతోంది! మొన్న ఇంకో వ్యాసంలో "ఆవకాయ అనేది మామిడికాయలతో తయారు చేసే కారంగా ఉండే ఒక ఊరగాయ" అని చదివి కాసేపు నవ్వుకున్నాను. మెషీన్‌తనం అంటున్నారే, అందులో సగం ఇక్కడే ఉంది. అది ఏ దూరదేశంవాడికో మన ఊరు పరిచయం చేస్తున్నట్టు రాస్తుంది. కాబట్టి నేను చేసే మొదటి పని, నా పాఠకుడికి ముందే తెలిసినవన్నీ కొట్టేయడం. "సజీవ ప్రతిబింబాలు", "కీలక పాత్ర" లాంటివీ వాటితోపాటే పోతాయి. వాటి స్థానంలో ఇంకో మాట వెతకొద్దు, అక్కడ చెప్పిన సంగతంటూ ఏమీ లేదు. ఇలా కొడుతూ పోతే పై పేరాలో మిగిలేది పొణికి చెక్క, బొమ్మల కొలువు. అంతే.

పేరా చిన్నదైపోయిందని టెన్షన్ పడకండి. ఖాళీ అయిన చోట మీకు తెలిసింది పెట్టాలి, లేదా తెలిసినవాళ్లని అడిగి పెట్టాలి. నేను దాన్ని ఇలా తిరగరాస్తాను:

"కొండపల్లి బొమ్మకి వాడేది తెల్ల పొణికి. తేలికైన కర్ర, ఉలికి మెత్తగా లొంగుతుంది. కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆరాక రంగులు. సంక్రాంతి కొలువులో పై మెట్టు మీద దేవుళ్లున్నా, పిల్లల చూపు మాత్రం తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి మీదే."

ఇది గొప్ప వచనమని నేననను. కానీ మక్కు అన్న మాట రాయాలంటే బొమ్మ ఎలా చేస్తారో ఎంతో కొంత తెలిసుండాలి. చదివేవాడికి అది అందుతుంది.

ఇక వాక్యం సంగతి. దిద్దేటప్పుడు నా పెన్ను అలవాటుగా ఆగే చోట్లు కొన్ని ఉన్నాయి. "ఒక" కనిపిస్తే ఆగుతాను. లెక్క చెప్పాల్సిన చోట తప్ప చాలావరకు అక్కర్లేదు. "ఆమె ఒక టీచర్" అనం, "ఆవిడ టీచరు" అంటాం. "యొక్క" దాదాపు ఎప్పుడూ తీసేయొచ్చు. "మరియు" వచ్చిన చోట దీర్ఘం చాలు: అన్నమూ పప్పూ. "ఈ ఇల్లు మూడు గదులను కలిగి ఉంది" అంటే ఇంగ్లిషు ఇల్లు, "ఈ ఇంట్లో మూడు గదులున్నాయి" అంటే మన ఇల్లు. "బడు" సంగతి అందరికీ తెలిసిందే. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని గేటుకి వేలాడే బోర్డు మీద బాగానే ఉంటుంది, అలవాటైపోయింది. వ్యాసంలో మాత్రం చేసినవాళ్లెవరో చెప్పండి. చెప్పడం ఇష్టం లేకపోతే "చేస్తారు" అని వదిలేయండి, తెలుగు క్రియకి కర్త లేకపోయినా ఏం కాదు.

ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది, "ను" ప్రత్యయం. "కాఫీని తాగి, పేపరును చదివి, స్నానమును చేశాను" అని ఎవరంటారు? కాఫీ తాగుతాం, పేపర్ చదువుతాం. ఫలానా ఆ కాఫీనే అని వేలు పెట్టి చూపించేటప్పుడు "ఆ కాఫీని పారబోయకు" అంటాం. ఏఐ ప్రతి వస్తువుకీ "ను" తగిలిస్తుంది. పేజీలో ఆ ఒక్కటి తీసేసి చూడండి, సగం బిగుసుదనం వదులుతుంది. "అతను" "నేను" పదే పదే రావడమూ అంతే. "వచ్చాను" అన్నాక వచ్చింది ఎవరో వేరే చెప్పాలా?

అలాగని ఇదంతా గుడ్డిగా ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేయకండి. "ఎవరైతే కష్టపడతారో వాళ్లకే" అన్నదీ తెలుగే, నొక్కి చెప్పాలనుకున్నప్పుడు అలాగే అంటాం. కాకపోతే మామూలు చోట "కష్టపడినవాళ్లకి" చాలు. ఏది ఎక్కడ అన్నది పైకి చదివితే తెలుస్తుంది. మనసులో చదివితే కన్ను మోసం చేస్తుంది. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లకి వినిపించండి, వాళ్ల మొహం ఎక్కడ మారిందో అక్కడ గీత పెట్టుకోండి.

కథలూ అనుభవాలూ రాయిస్తుంటే బంధుత్వాల దగ్గర ఇంకా జాగ్రత్త. ఇంగ్లిషులో అంకుల్ ఒక్కడే. మనకి బాబాయి వేరు, పెదనాన్న వేరు, మేనమామ వేరు. మొదటి పేజీలో బాబాయిగా వచ్చినాయన నాలుగో పేజీకి మామయ్య అయిపోవడం నేను చూశాను. పెళ్లి కథ అది, ఎంత ప్రమాదమో ఊహించుకోండి! మర్యాదా అంతే. మాస్టారు "వచ్చారు", రెండు వాక్యాలు దాటగానే "అతను కూర్చున్నాడు". "పక్కింటి స్త్రీ", "ఒక వృద్ధ మహిళ" అని రాస్తే పోలీసు రిపోర్టులా ఉంటుంది. పక్కింటావిడ, పెద్దావిడ, మామ్మగారు, వీళ్లలో ఎవరో తేల్చుకోండి. "మేము తెలుగువారం సంక్రాంతికి..." అని మొదలైందంటే చదివే తెలుగువాడు గడప బయటే ఉండిపోయినట్టు, అక్కడ "మనం" పడాలి.

యాస కలిపానన్నారు. అందుకే ఇంకా ఎబ్బెట్టుగా తయారై ఉంటుంది. తెలంగాణ మాటలో రాయమంటే ఏఐ మామూలు పత్రిక భాషలోనే రాసి, మధ్యమధ్య "గిట్ల", "గాడ" చల్లుతుంది. "గిట్ల వెళ్తున్నాను" అని ఎవరూ అనరు, "గిట్ల పోతున్న" అంటారు. యాస ఎక్కువగా ఉండేది క్రియల్లో: వచ్చిండు, చేసిన, చెప్పిన్రు. మీది ఆ మాట కాకపోతే జోలికి పోకండి. మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా రాస్తే చాలు.

డిటెక్టర్ల వెంట పడడం శుద్ధ దండగ. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐయే 2023 జనవరిలో అలాంటి పరికరం ఒకటి తెచ్చింది. తమ పరీక్షలో అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకుందనీ, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐవని పొరబడిందనీ వాళ్లే చెప్పారు. కచ్చితత్వం తక్కువని జులైలో దాన్ని తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష కోసం రాసిన వ్యాసాలను ఇలాంటి డిటెక్టర్లకి ఇస్తే, సగటున సగానికి పైగా ఏఐ ఖాతాలో వేశాయి. ఇదంతా ఇంగ్లిషు సంగతి. తెలుగులో వాటి తీర్పు మీద మీ వ్యాసం భవిష్యత్తు పెట్టకండి. ఇంకో మాట, కాలేజీ అసైన్‌మెంటో ఉద్యోగ పరీక్షో అయితే, అక్కడ దిద్ది మరుగుపరచడం కంటే మీరే రాయడం మంచిది. వెబ్‌సైట్ మీది, పేరు మీది కాబట్టి ఇదంతా చెబుతున్నాను.

పని తగ్గాలంటే మొదట్లోనే పద్ధతి మార్చండి. ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టి, మీ ఫ్రెండ్‌కి చెబుతున్నట్టు ఆ విషయం మొత్తం చెప్పేయండి. తడబడినా పర్లేదు, "అదే... ఆ రోజు..." అన్నవీ ఉండనివ్వండి. దాన్ని టైపు చేయించి ఏఐకిచ్చి, "క్రమంలో పెట్టు, కొత్తగా ఏమీ చేర్చకు, నా వాక్యాలు మార్చకు" అనండి. మాట వినదు, కొన్ని మారుస్తుంది, అవి వెనక్కి మార్చుకోవాలి. అయినా మీ పలుకు చాలావరకు మిగులుతుంది, దిద్దే టైమూ కలిసొస్తుంది. ముందు ఇంగ్లిషులో రాయించి తర్వాత తెలుగు చేయమనడం మాత్రం వద్దు. పైన చెప్పినవన్నీ ఒకేసారి వచ్చి కూర్చుంటాయి.