ఈస్టర్ డేట్ ప్రతి ఏడూ ఎందుకు మారుతుంది?

ప్రశ్న: అక్కా, మాది తెనాలి, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. క్రిస్మస్‌కి డేట్ తెలుసు కాబట్టి టికెట్లు ముందే తీసేస్తాం, ఈస్టర్‌కే ప్రతిసారీ వెయిటింగ్ లిస్ట్. 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28 అంట. మా పాపేమో "యేసయ్య లేచింది ఒక్క రోజే కదమ్మా, మరి డేట్ ఎందుకు మారుద్ది" అంటోంది. ఏం చెప్పాలి?

జవాబు: మంచి ప్రశ్న అడిగిందమ్మా మీ పాప. ఉగాది ఎందుకు మారుతుందో ఈస్టరూ దాదాపు అందుకే మారుతుందని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. యేసుని సిలువ వేసింది యూదుల పస్కా పండగ రోజుల్లో, ఆ పస్కా వాళ్ళ నీసాను నెల 14న, అంటే చంద్రుడు నిండే వేళకి వస్తుంది. చంద్రుడి నెలలు పన్నెండు కలిపినా 354 రోజులే, ఇంగ్లీష్ ఏడాదికి 11 రోజులు తక్కువ, మన పంచాంగంలో అధికమాసం వేసేది కూడా ఈ తేడా సర్దడానికే. క్రీ.శ. 325లో నికయా అనే ఊళ్ళో (ఇప్పటి టర్కీలో ఉంది) బిషప్పులు కూర్చుని అందరూ ఒకే ఆదివారం చెయ్యాలనుకున్నారు. చివరికి స్థిరపడిన లెక్క ఏంటంటే, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూసి, అది దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. పౌర్ణమే ఆదివారం పడితే పై వారానికి వెళ్తుంది, 2025లో అదే అయింది, ఏప్రిల్ 13 ఆదివారం పౌర్ణమి, పండగ 20న. అందుకే ఈస్టర్ మార్చి 22 కంటే ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు.

పాపకి ఇంకోటి చూపించండి. గుడ్ ఫ్రైడే ముందు రోజు రాత్రి ప్రభురాత్రి భోజనం ఆరాధన అయ్యాక చర్చి బయట ఒక్క నిమిషం ఆగి ఆకాశం చూడండి, పౌర్ణమికి నాలుగు రోజులు అటో ఇటో ఉంటుంది, 2026లో అయితే ఆ గురువారమే, ఏప్రిల్ 2నే పౌర్ణమి. సిలువకి ముందు గెత్సేమనే తోటలో యేసు ప్రార్థన చేసిన రాత్రి కూడా అలాంటి వెన్నెలే.

మిగతావన్నీ ఈస్టర్‌ని పట్టుకునే నడుస్తాయి. మా నాన్న కొత్త క్యాలెండర్ రాగానే ఈస్టర్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, వేలితో వారాలు వెనక్కి లెక్కపెట్టేవారు. వారం ముందు మట్టలాదివారం, 46 రోజుల ముందు బూడిద బుధవారం (ఆ రోజు మొదలయ్యే శ్రమదినాలు, అంటే ఉపవాస ప్రార్థనల రోజులు 40, మధ్యలో 6 ఆదివారాలు లెక్కలోకి రావు). ముందుకెళ్తే ఈస్టర్‌తో కలిపి 40వ రోజు ఆరోహణం (యేసు పరలోకానికి వెళ్ళిన రోజు), 50వ రోజు పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు). 2027లో బూడిద బుధవారం ఫిబ్రవరి 10, గుడ్ ఫ్రైడే మార్చి 26, పెంతెకొస్తు మే 16. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి గురువారం రాత్రి బండికి జనవరి 24 నుంచే చూస్తూ ఉండండి, ఆలస్యం చెయ్యొద్దు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక రష్యన్ ఆయన 2024లో మే 5న ఈస్టర్ అన్నాడు, మనం మార్చి 31నే చేసుకున్నాం కదా?

జవాబు: ఇద్దరిదీ కరెక్టే. 1582లో పోప్ గ్రెగొరీ క్యాలెండర్ సరిచేశారు, రష్యా ఆర్థడాక్స్ చర్చి మాత్రం పాత జూలియన్ లెక్కనే ఉంచుకుంది. ఆ క్యాలెండర్ ఇప్పుడు 13 రోజులు వెనక ఉంది, వాళ్ళ మార్చి 21 మనకి ఏప్రిల్ 3. ఒక్కోసారి కలుస్తాయి కూడా, 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20నే.

ప్రశ్న: 2019లో మార్చి 21న హోలీ పౌర్ణమి. ఈస్టర్ ఏప్రిల్ 21 దాకా ఎందుకు ఆగింది?

జవాబు: చర్చి చూసేది ఆకాశంలో చంద్రుణ్ణి కాదండీ, ముందే రాసి పెట్టుకున్న పట్టికని. ఆ పట్టికలో ఆ పౌర్ణమి మార్చి 20న పడింది, ఒక్క రోజు తేడాతో లెక్కలోకి రాలేదు. తర్వాతది ఏప్రిల్ 18 గురువారం, దాని తర్వాతి ఆదివారం 21.