ఎలుకల్ని చూస్తూ కూర్చునే చదువు

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఫార్మసీ చివరి ఏడాది. మా నాన్నకు పార్కిన్సన్స్ ఉంది. ఆయన మాత్రల గురించి చదివీ చదివీ, ఎంఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకుని డోపమైన్ మందులు ఎలుకల ప్రవర్తనను ఎలా మారుస్తాయో పరిశోధిస్తానంటోంది. ఎలుకలతో ఉద్యోగం వస్తుందా? - ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: మీ అమ్మాయికి దొరికింది మంచి ప్రశ్నే. డోపమైన్ అంటే కదలికలకు అవసరమైన మెదడు రసాయనం. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు అది అతుక్కునే చోట్లను, అంటే డోపమైన్ రిసెప్టార్లను ప్రేరేపిస్తాయి. వణుకు, బిగుతు తగ్గుతాయి. కానీ కొందరిలో ఆపుకోలేని జూదం, అక్కర్లేని కొనుగోళ్లు మొదలవుతాయి. ఇది చదివి తాతగారి మాత్రలు మాత్రం ఆపకండి. అలాంటిదేమైనా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి.

ఎలుకల్లో ఇదే కోవకు చెందిన క్విన్‌పిరోల్ అనే మందు వాడతారు. దాంతో ఏమవుతుందో కెనడాలో షెక్ట్‌మన్ అనే పరిశోధకుడి బృందం 1998లో చూపించింది. కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున, వారానికి రెండు ఇంజెక్షన్లు. కొన్ని వారాలకు, పెద్ద బల్ల మీద వదిలిన ఎలుక అంతటా తిరగడం పోయి ఒకటి రెండు చోట్లకే మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఉప్పునీళ్ల ఇంజెక్షన్ ఇచ్చినవి అంతగా అలా చేయవు. తాళం వేసి, గేటు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి తాళం లాగి చూసే మనిషి గుర్తొస్తున్నాడా? అలాగని 'ఎలుకకు ఓసీడీ (చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక రుగ్మత) వచ్చింది' అని థీసిస్‌లో రాస్తే గైడ్ కొట్టేస్తారు. ఎన్నిసార్లు వెళ్లింది, ఎంతసేపు ఆగింది... అంతవరకే రాయాలి.

అసలు పని ఆ లెక్కే. సూది వేయడం నిమిషం పని, దాదాపు గంట వీడియో చూసి గీతలు గీసుకోవడం అసలు పని. అలాంటివి పదుల కొద్దీ. చివర్లో మెదడు తీయాలంటే జంతువును చంపాలి. ఆ రోజు చెయ్యి వణికి లైన్ మార్చుకున్న పిల్లలు నాకు తెలుసు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఉద్యోగమా? డోపమైన్ మీదే బతుకుతానంటే పీహెచ్‌డీ తప్పదు. కానీ డోసు లెక్కకట్టడం, జంతువు బెదరకుండా పట్టుకోవడం, ఎథిక్స్ కమిటీకి ప్రోటోకాల్ రాయడం వచ్చినవాళ్లు శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో మందులు పరీక్షించే కంపెనీలకు పనికొస్తారు. మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే ఫార్మకోవిజిలెన్స్ కొలువులూ ఉన్నాయి. వాటికి ఎలుకను ముట్టుకోవాల్సిన పనే లేదు.

ముందు ఎంఫార్మసీ ప్రవేశాలకు జరిగే జాతీయ పరీక్ష జీప్యాట్ రాయించండి. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్‌కు (కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ) వెళ్లాలంటే అందులో అర్హత సాధించాక ఇంకో పరీక్ష ఉంటుంది. ఊరికి దగ్గరే కావాలంటే కాకతీయ యూనివర్సిటీ ఉంది, రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ కూడా రాయమనండి.

ఫారం నింపేలోపు, కాలేజీలో ఫార్మకాలజీ సార్‌ను అడిగి ఒక పూట యానిమల్ హౌస్‌లో కూర్చోమనండి. ఆ వాసన పడుతుందో లేదో, రెండో గంటకు ఆవులింతలొస్తాయో రావో తనకే తెలుస్తుంది. ఆ సాయంత్రం ఉద్యోగం ఊసెత్తకుండా, ఏం చూశావు బిడ్డా అని మాత్రం అడగండి.