గ్లూటెన్‌ని పట్టే చిన్న యాంటీబాడీలు: అమ్మాయిని ఈ దారిలో పంపొచ్చా?

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక తల్లి రాశారు. సొంతూరు మదనపల్లె దగ్గర, ఇక్కడికి వచ్చి పన్నెండేళ్లయింది. అమ్మాయి బీఈ బయోటెక్నాలజీ మూడో ఏడాది చదువుతోంది. పదకొండేళ్ల బాబుకి రెండేళ్ల కిందట సీలియాక్ జబ్బు (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని తేలింది, అప్పటి నుంచి ఇంట్లో గోధుమ బంద్. అయినా రక్తపరీక్షలో బాబు అంకెలు తగ్గకపోతే వెతగ్గా వెతగ్గా రెండు దారులు బయటపడ్డాయి: సాంబారులో వేసే ఇంగువ, రాగులు ఆడించే పిండి మర. అక్క మనసులో అది నాటుకుపోయింది. ఇప్పుడు ఆ అమ్మాయికి ఇక్కడి ఒక ల్యాబులో, ఆహారంలో గ్లూటెన్‌ని కనిపెట్టే చిన్న యాంటీబాడీ (ఒక పదార్థాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీన్) ముక్కలు తయారుచేసే ఆరు నెలల ప్రాజెక్టు దొరికింది. స్టైపెండ్ లేదు. సరిగ్గా అప్పుడే కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్. "మావారు ఐటీలో చేరమంటున్నారు. మన వైపు ఈ జబ్బు ఎంతమందికి ఉంది, దీన్ని నమ్ముకుని ఎవరు బతుకుతారు అంటున్నారు. నాకేమీ తోచట్లేదు, ఒకటే టెన్షన్‌గా ఉంది మేడమ్" అని ఆమె ఉత్తరం.

అమ్మా, నా మాట ముందే చెప్పేస్తాను. చేరనివ్వండి. ఆరు నెలలే అని గడువు పెట్టుకుని, గేట్ (పీజీ ప్రవేశ పరీక్ష) చదువు మానకుండా చేరనివ్వండి. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు ఒక ఫుడ్ టెస్టింగ్ ల్యాబులో ఈ గ్లూటెన్ పరీక్షలే చేశాను, మీ అమ్మాయి ఏ పనిలోకి దిగబోతోందో నాకు చేతులతో తెలుసు.

మీవారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తర భారతంలో సీలియాక్ 1.23 శాతం మందిలో కనిపిస్తే దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించింది, అంటే మన వైపు వెయ్యిమందికి ఒకరు. రోగుల లెక్క మాత్రమే చూస్తే ఆయన చెప్పింది నిజం. కానీ ఈ పరీక్షకి డబ్బు కట్టేది ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని ముద్రించుకునే ప్రతి కంపెనీ. ఆ మాట రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం కోడెక్స్ చెబుతుంది, అమెరికా ఎఫ్‌డీఏ 2013లో పెట్టిందీ అదే, మన దేశపు ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కా అదే. రాగి బిస్కెట్లు, జొన్న అటుకులు, కొర్రల దోసె పిండి అంటూ చిరుధాన్యాలు అమ్మేవాళ్లందరికీ ఈ గీత దాటకూడదనే భయం ఉంటుంది.

20 మిల్లీగ్రాములంటే ఎంతో మీ వంటింటి లెక్కలో చెబుతాను. గోధుమ పిండిలో సుమారు పదో వంతు గ్లూటెన్ అనుకుంటే, కిలో రాగి పిండిలో 0.2 గ్రాముల గోధుమ పిండి కలిస్తే చాలు, గీత దగ్గరికి వచ్చేసినట్టే. చిటికెడు కూడా అక్కర్లేదు. మర ఆడించేవాడు గోధుమల తర్వాత మీ రాగులు పోస్తే లోపల అంటుకుని ఉన్న పిండే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఇంగువ సంగతి మీకు తెలిసిందే, మనం కొనే డబ్బాల్లో చాలావాటిలో మైదానో గోధుమ పిండో కలిపే ఉంటుంది, వెనక చిన్న అక్షరాల్లో రాస్తారు. ఇంత కొంచాన్ని కంటితో పట్టలేం, రుచితో పట్టలేం. ల్యాబుల్లో దీన్ని ఎక్కువగా పట్టేది యాంటీబాడీలతోనే.

ఇప్పుడు ల్యాబుల్లో ఎక్కువగా వాడే యాంటీబాడీ పేరు ఆర్5, మాడ్రిడ్‌లో ఎన్రికే మెండెజ్ బృందం చేసింది. గ్లూటెన్‌లోని గ్లయాడిన్ అనే ప్రొటీన్‌లో ఐదు అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ని కట్టే ఇటుకల్లాంటివి) చిన్న వరస ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది, ఆర్5 దాన్ని గుర్తుపట్టి అతుక్కుంటుంది. బార్లీలో, రై అనే ధాన్యంలో ఉండే అలాంటి ప్రొటీన్లనీ పడుతుంది. జి12 అని ఇంకొకటి ఉంది. ఇవి రెండూ ఎలుక కణాల నుంచి వచ్చిన పూర్తి యాంటీబాడీలు, ఆ కణాల్ని ఖరీదైన పోషక ద్రవాల్లో పెంచుతూనే ఉండాలి.

మీ అమ్మాయి చేయబోయేది దీని చిన్న రూపం. పూర్తి యాంటీబాడీ బరువు సుమారు 150 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలిచే లెక్క), అందులో పట్టుకునే పని చేసేది కొసలే. ఒంటె జాతి జంతువుల్లో ఇంకో రకం యాంటీబాడీ ఉంటుందని 1993లో బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు, హామర్స్ గారి బృందం, ప్రకటించారు. దాని కొసని ఒక్కదాన్నే వేరుచేస్తే సుమారు 15 కిలోడాల్టన్లు, అంటే పదో వంతు, అయినా పట్టు వదలదు. నానోబాడీ అంటున్నది దాన్నే. దీని జన్యువుని ఈ.కోలి బ్యాక్టీరియాలో పెడితే అదే తయారుచేసి పెడుతుంది. ఆ జన్యువు అక్షరాల వరస మన చేతిలో ఉంటుంది కాబట్టి పదేళ్ల తర్వాతైనా అచ్చం అదే మళ్లీ చేసుకోవచ్చు, నచ్చకపోతే ఒక అక్షరం మార్చి చూడొచ్చు. మర దగ్గరో హోటల్ వంటింట్లోనో పనికొచ్చే స్ట్రిప్పులు, సెన్సర్లు చౌకగా రావాలంటే ఇది మంచి దారి అని నేను గట్టిగా నమ్ముతాను.

దాన్ని వెతికే పద్ధతి ఫేజ్ డిస్‌ప్లే. 1985లో జార్జ్ స్మిత్ మొదలుపెట్టాడు, యాంటీబాడీల కోసం దాన్ని మలిచింది గ్రెగ్ వింటర్, 2018 కెమిస్ట్రీ నోబెల్‌లో ఇద్దరికీ వాటా వచ్చింది. మీరు చేటతో బియ్యం చెరుగుతారు చూడండి, అలాంటిదే. కోట్ల రకాల యాంటీబాడీ ముక్కల్ని (ఈ గుంపునే లైబ్రరీ అంటారు), బ్యాక్టీరియాకి సోకే ఒక వైరస్ ఒంటి మీద మోయిస్తారు. గ్లయాడిన్ పూసిన ప్లేటు మీద పోసి, కడిగి, అతుక్కున్నవాటిని మాత్రం మిగుల్చుకుని, పెంచి, మళ్లీ పోస్తారు. మూడు నాలుగు సార్లు. మధ్యలో బియ్యం, రాగులు, శనగపిండి ప్రొటీన్ల మీద కూడా పోసి, వాటికి అంటుకున్నవాటిని పారేయాలి. ఈ చివరి పని ఎంత ఓపిగ్గా చేస్తే ఆ యాంటీబాడీకి అంత నిజాయితీ. రాగి ముద్దని చూసి కూడా గ్లూటెన్ అనే యాంటీబాడీ ఎవరికి కావాలి?

కష్టాలు దాచను. నానోబాడీలకి గట్టిగా ముడుచుకున్న ప్రొటీన్ల సందుల్లో దూరడం బాగా వచ్చు, గ్లయాడిన్ ముక్కలేమో మెత్తటి దారపు పోగుల్లాంటివి, వాటి మీద మంచి పట్టు దొరకడం అంత తేలిక కాదు. పైగా మామూలు యాంటీబాడీకి రెండు చేతులు, దీనికి ఒకటే. రెండు ముక్కల్ని జతచేయడం, పట్టు పెంచడం అంతా అదనపు పని. గ్లయాడిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, అరవై శాతం ఆల్కహాల్‌లో కరుగుతుంది, ఆ ఆల్కహాల్ తగిలినా యాంటీబాడీ చెడిపోకూడదు.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది ఆహారం. ఒకసారి రాగి బిస్కెట్ల శాంపిల్‌లో మేమే తెలిసిన కొలతలో గ్లూటెన్ కలిపి పరీక్షిస్తే సగం కూడా దొరకలేదు. యాంటీబాడీ పాడైందనుకుని కొత్త కిట్ తెరిచాం, మళ్లీ అంతే. మూడు రోజులు నిద్ర లేదు, ఎందుకంటే అదే పద్ధతిలో అంతకుముందు 'బాగుంది' అని రిపోర్ట్ ఇచ్చిన శాంపిళ్లు ఉన్నాయి, వాటిని ఏ బిడ్డ తిందో తెలీదు. తీరా చూస్తే రాగుల్లో ఉండే టానిన్లు, పాలీఫినాల్స్ అనే పదార్థాలు గ్లూటెన్‌ని పట్టేసుకుని బయటికి రానివ్వలేదు. అలాంటి శాంపిళ్లకి వెన్న తీసిన పాలపొడి కలిపి గ్లూటెన్‌ని బయటికి లాగాలని కిట్ సూచనల్లోనే ఉంటుంది, మేం ఆ లైను దాటేశాం. కాల్చిన తిండిలో ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుపోతాయి కూడా, వాటిని విడదీసే రసాయనాలు కలిపితే తప్ప వట్టి ఆల్కహాల్‌కి లొంగవు. పాత శాంపిళ్లన్నీ తిరిగి చేసి, కస్టమర్లకి మేమే ఫోన్ చేసి చెప్పాం. అందుకే అమ్మాయికి గట్టిగా చెప్పండి: శుద్ధమైన గ్లయాడిన్ మీద పనిచేసినంత మాత్రాన పని అయినట్టు కాదు, బిస్కెట్టు మీద, ఇంగువ మీద, మురుకు మీద పనిచేయాలి.

ఇక బతుకుతెరువు. గ్లూటెన్ పేరుతో ఉద్యోగాలు కొన్నే, అది ఒప్పుకోవాలి. కానీ ఆ అమ్మాయి చేతికి వచ్చే పని గ్లూటెన్‌కి మాత్రమే కట్టుబడి ఉండదు. లైబ్రరీ నుంచి యాంటీబాడీని ఏరడం, ఈ.కోలిలో చేయించడం, శుద్ధి చేయడం, పట్టు ఎంతో కొలవడం, ఎలీసా (యాంటీబాడీతో ప్లేటు మీద చేసే పరీక్ష) కట్టడం, ఇవన్నీ వచ్చినవాళ్లకి ఇవాళ గ్లయాడిన్ అయితే రేపు వేరుశనగలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం), ఎల్లుండి డెంగీ. మీది వేరుశనగ పండే వైపే కాబట్టి అఫ్లాటాక్సిన్ బాధ మీకు చెప్పక్కర్లేదు. మీరున్నది కూడా బయోకాన్, సింజీన్ లాంటి కంపెనీలు పుట్టిన ఊరు. యాంటీబాడీ పని చేతికి వచ్చినవాళ్లని ఇక్కడ అడిగేవాళ్లుంటారు.

జీతం మాత్రం ఐటీ స్నేహితులతో పోల్చుకోకండి, మొదటి ఆరేడేళ్లు పోల్చితే బాధే. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000, దాని మీద ఇంటద్దె భత్యం. ఇంటి అప్పు ఏదైనా అమ్మాయి జీతం మీదే ఆధారపడి ఉంటే ఆ మాట ఆమెతో ఇప్పుడే చెప్పండి, అప్పుడు నా సలహా కూడా మారుతుంది. మీవారి మాటలో ఒక్కటి పూర్తిగా తీసుకోమంటాను, పైథాన్ నేర్చుకోమనండి. చెరిగిన తర్వాత మిగిలిన లక్షల వరసల్ని చూసేది ఇప్పుడు కంప్యూటర్‌తోనే, 2024 కెమిస్ట్రీ నోబెల్ ప్రొటీన్లని కంప్యూటర్‌తో లెక్కగట్టి, కొత్తవి రూపొందించినవాళ్లకే వచ్చింది.

పరీక్షల సంగతి క్లుప్తంగా: గేట్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, బయోటెక్నాలజీ పేపర్ ఉంది, లైఫ్ సైన్సెస్ పేపర్ ఉంది. ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్ రెండూ అందుబాటులోనే. ఆహారం వైపు మనసుంటే మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐని తప్పకుండా చూడండి, 1950 నుంచి ఆహారం మీదే పనిచేస్తున్న సంస్థ.

ఇంకో మాట, దీన్ని మీరిద్దరూ ఒంటరిగా కూర్చున్నప్పుడు అడగండి. "తమ్ముడికి రేపే మందు దొరికి నయమైపోతే, అప్పుడూ నీకు ఈ పని కావాలా?" అని. ఇరవై ఏళ్ల పిల్ల తమ్ముడి జబ్బుని తన చదువు మీద వేసుకుని మోస్తుంటే అది ఎక్కువ కాలం నిలవదు, ఒక ప్రయోగం పాడైన రోజున తమ్ముణ్ణే ఓడించినట్టు ఏడుస్తుంది, ఈ పనిలో ప్రయోగాలు వారానికొకటి పాడవుతాయి. అవునని జవాబొస్తే ఇంక భయపడకండి. ల్యాబులో తను చేసిన స్ట్రిప్ ఏం చూపించినా, దాన్నిబట్టి మాత్రం బాబుకి ఏదీ తినిపించవద్దు, ఆ విషయం డాక్టరూ డైటీషియనూ చూడాలి.

చేరేముందు ల్యాబు వాళ్లని కొన్ని అడగమనండి. లైబ్రరీ సిద్ధంగా ఉందా, లేక ఒంటెకి టీకా వేసి రక్తం తెప్పించడం దగ్గర నుంచి మొదలా (అలా అయితే ఆరు నెలల్లో ఆమె చేతికి ఏమీ రాదు). నిజమైన ఆహారం మీద పరీక్షించే అవకాశం ఇస్తారా. రోజూ బెంచ్ దగ్గర పక్కన నిలబడి నేర్పేదెవరు, పేరున్న ప్రొఫెసర్ కన్నా ఓపికున్న పీహెచ్‌డీ సీనియర్ ఇప్పుడు ఆమెకి ఎక్కువ అవసరం. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఉన్న రోజుల్లో మధ్యాహ్నం నుంచి రావచ్చా అని కూడా అడగమనండి, చాలా ల్యాబులు ఒప్పుకుంటాయి, అడగడానికి మొహమాటపడకూడదు. ఏం చెప్పారో నాకు రాయండి, గేట్‌కి ఏ పేపర్ తీసుకోవాలో అప్పుడు కూర్చుని చూద్దాం.