హెచ్-4 వీసా మీద అమెరికా వచ్చి ఫోటోగ్రఫీ బిజినెస్ పెట్టుకోవచ్చా?

"మాది ఒంగోలు. మావారితో హెచ్-4 (హెచ్-1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద డాలస్ వచ్చాను. చిన్నప్పటినుంచీ ఫోటోలంటే పిచ్చి. దీన్నే బిజినెస్ చేసుకోవచ్చా?" అని అడిగారు. చేసుకోవచ్చండీ, నేను చేస్తున్నాను. కానీ ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిట్ కార్డు) చేతికి రాకముందు ఒక్క డాలరు కూడా తీసుకోకండి.

మాది నెల్లూరు. నాన్న తన యాషికా కెమెరాని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా రొట్టెల పండక్కి మొదటిసారి నా చేతికిచ్చారు. రీలులో 36 ఫోటోలు, నా వాటా ఆరు. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఆడవాళ్లు రొట్టెలు మార్చుకుంటున్నారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు పట్టుకుంటారు. అదంతా రెండు సెకన్ల పని. ఐదుసార్లూ నేను నొక్కేసరికి రొట్టె చేయి మారిపోయింది. ఆరోసారి మొహాలు వదిలేసి చేతులే చూస్తూ కూర్చున్నా. ట్రంకు రోడ్డులో కడిగించి తెచ్చాక ఆ ఒక్క ఫోటోని నాన్న బీరువా అద్దానికి అంటించారు.

నేను 2014లో ఇక్కడికొచ్చాను. అప్పుడు హెచ్-4 వాళ్లకి పనిచేసే వీలే లేదు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిన హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో 2015 మే 26 నుంచి ఈఏడీ మొదలైంది. దాంతో సొంత బిజినెస్ కూడా పెట్టుకోవచ్చు. టెక్సస్‌లో ఎల్ఎల్‌సీ (సొంత చిన్న కంపెనీ) రిజిస్టర్ చేసే ఫీజు 300 డాలర్లు. ఫోటోగ్రఫీకి సేల్స్ టాక్స్ ఉంది, పర్మిట్ తీసుకుని కస్టమర్ దగ్గర వసూలు చేసి కట్టాలి. నాకు తెలియక మొదటి ఏడాదిది చేతి నుంచి కట్టుకున్నాను. కార్డు రెన్యువల్‌కి 180 రోజుల ముందునుంచే అప్లై చేయొచ్చు, ఆలస్యం చేయకండి. పెళ్లికి అడ్వాన్సు తీసుకున్నాక కార్డు గడువు తీరితే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఇక పని ఎలా వచ్చిందంటే, తెలిసినవాళ్ల పెళ్లికి ఇక్కడి ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకున్నారు. మంచి పనివాడే. కానీ జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర దించే వేళకి మండపం పూలు తీస్తున్నాడు. ఆల్బమ్ వచ్చాక పెళ్లికూతురి అమ్మ అన్ని పేజీలూ రెండుసార్లు తిప్పి, "ఆ ఫోటో ఏదమ్మా?" అని నన్నడిగారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుసటేడు వాళ్ల రెండో అమ్మాయి పెళ్లికి నేనే వెళ్లాను. ఆ తర్వాత వచ్చిన బుకింగులన్నీ ఆ పెళ్లి చూసినవాళ్లవే.

మీవారి ఐ-140 అప్రూవ్ అయిందో లేదో రాయండి. కాకపోతే ఈలోపు మీ ఇంట్లో పూజలూ, పిల్లల పుట్టినరోజులూ వదలకుండా తీస్తూ ఉండండి.