పండుని మర్చిపోయిన పూట రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కుక్క పండు పోవడం గురించి, ఆ తర్వాత నువ్వు చేసిన అరుణాచలం ప్రయాణం గురించి పంపిన నీ రాత అందింది. "బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్" అన్నావు. సగం బాగుంది. అయితే ఏ సగం అన్న దగ్గర నీకూ నాకూ లెక్క తేడా వస్తుంది. అందుకే ఇంత ఉత్తరం.

సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్కన దొరికిన ఊరకుక్క పిల్ల పండు, మీ మూడో అంతస్తు ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నాడు, కిడ్నీలు పాడై పోయాడు. ఇదీ జరిగింది. దీని చుట్టూ మొదటి పేజీ నిండా గుండె చెరువైంది, కన్నీరు మున్నీరైంది, లోకం శూన్యమైంది అని పరిచావు. ఈ మాటలు ఇప్పటికే ఎన్నో ఇళ్లల్లో ఎన్నో చావులకి పనిచేసి అరిగిపోయాయి. వాటిలో పండు ఎక్కడా లేడు. వాడు మూడో పేజీలో ఉన్నాడు. లిఫ్ట్ ఆగిన చప్పుడుకి లేవడు గానీ, తాళాల కోసం నువ్వు బ్యాగ్ జిప్ లాగితే చాలు లేచొచ్చేవాడని రాశావు చూడు, అక్కడ. పెరుగన్నంలో అన్నం వదిలేసి పెరుగు మాత్రం నాకి, ఖాళీ కాని గిన్నెని ముక్కుతో తోసుకుంటూ ఫ్రిజ్ దాకా తెచ్చేవాడని రాశావు చూడు, అక్కడ. టైల్స్ మీద ఆ స్టీలు గిన్నె గీసుకుంటూ వచ్చే చప్పుడు నాకు వినపడింది. నేనెరగని కుక్క కోసం నాకు బాధేసింది ఆ వాక్యం దగ్గరే. మొదటి పేజీ కొట్టేసి గిన్నెతో మొదలుపెట్టు.

రెండో పేజీ అంతా డాక్టరు మీద కోపం. ఉండొచ్చు. ఆ క్లినిక్‌లో ఏం జరిగిందో చదివేవాళ్లకి తెలీదు, ఒక వైపు మాటే విని ఎవరూ తీర్పు చెప్పలేరు. కానీ ఆ కోపం మధ్యలో ఒక వాక్యం జారిపడింది: "నీళ్లు ఎక్కువ తాగుతున్నాడు, ఎండాకాలం కదా అనుకున్నాం." ఇది రాయగలిగిన మనిషికి మిగతా పేజీతో పనిలేదు. కుక్కలకి కిడ్నీ జబ్బు వచ్చినప్పుడు ముందుగా కనపడే గుర్తుల్లో అదొకటి, నీళ్లు ఎక్కువ తాగడం, పదేపదే మూత్రానికి వెళ్లడం. రక్తపరీక్షలో, కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిందని తేలేసరికి కిడ్నీల పని దాదాపు ముప్పాతిక వంతు పోయే ఉంటుంది. అప్పటిదాకా మిగిలిన భాగమే లాక్కొస్తుంది, పైకి ఏమీ తెలియనివ్వదు. ఈ సంగతి నువ్వు పండు పోయాకే చదివి తెలుసుకున్నావని ఫోన్‌లో అన్నావు. మరి రాతలోకి ఎందుకు రాలేదు? తెలిశాక మనసు కాస్త తేలికపడిందా, లేక ఆ వేసవి మొత్తం మళ్లీ మొదట్నుంచి తవ్వుకున్నావా? ఎన్ని బకెట్లు, ఎన్నిసార్లు, ఏ రోజు నుంచి అని? కుక్కని పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఈ రెండోదే చేస్తారు. నోరులేని జీవి, మనమే కనిపెట్టాల్సింది అనే బాధ మనుషుల చావులో ఇంతగా ఉండదు. డాక్టరు మీద కోపంలో ఎంత భాగం నీ మీద నీకున్న కోపమో నీకే తెలియాలి.

పండు పోయిన మర్నాడు తొమ్మిదిన్నరకి ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి కూర్చున్నానని రాశావు. అదే ఇంట్లో మనిషి పోతే? మైల ఉంటుంది, పదకొండో రోజు ఉంటుంది, పెద్దకర్మ ఉంటుంది. నీకిష్టం ఉన్నా లేకపోయినా చుట్టాలు పరామర్శకి వస్తారు, చెప్పిందే మళ్లీ చెప్పిస్తారు, బలవంతాన నాలుగు ముద్దలు తినిపిస్తారు. విసుగే గానీ, ఆ గోలలోనే ఏడుపుకి ఒక చోటూ ఒక గడువూ దొరుకుతాయి. కుక్క పోతే అవేం లేవు. "కుక్కేగా, ఇంకోటి తెచ్చుకో" అంటారు. అనేవాళ్లు చెడ్డవాళ్లు కూడా కాదు. మా కుక్క జూలీ పోయిన రోజున మా అత్తగారు పొయ్యి వెలిగించలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ ఇంట్లో జరిగిన పరామర్శ అంతే.

ఇక నీ ప్రయాణం. చావు తర్వాత ప్రయాణం మనవాళ్లకి కొత్తేమీ కాదు. అస్థికలు పట్టుకుని రాజమండ్రి వెళ్తాం, కాళేశ్వరం వెళ్తాం, ఓపికా డబ్బూ ఉంటే కాశీ వెళ్తాం. పుణ్యం సంగతి ఎలా ఉన్నా, ఆ నెపంతో కుంగిపోయిన మనిషిని నలుగురూ కలిసి ఇంట్లోంచి బయటికి లాగుతారు, రైలెక్కిస్తారు, నదిలో ముంచి లేపుతారు. షాద్‌నగర్ దగ్గర స్నేహితురాలి మామిడితోటలో పండుని పూడ్చిపెట్టి వచ్చాక నీ చేతిలో ఏ కుండా లేదు, నిన్ను ఎవరూ ఏ రైలూ ఎక్కించలేదు. పౌర్ణమికి ఆర్టీసీవాళ్లు వేసే అరుణాచలం స్పెషల్ నువ్వే బుక్ చేసుకున్నావు. దేవుడి మీద పెద్ద గురి లేదని నువ్వే రాశావు. మరి ఎందుకెక్కినట్టు? "మనసు బాగోలేక" అని తేల్చేశావు. మనసు బాగోనివాళ్లు గోవా కూడా వెళ్తారు. జవాబు దొరక్కపోతే దొరకలేదనే రాయి, కానీ ప్రశ్న మాత్రం పేజీ మీద ఉండాలి.

అరుణాచలం వర్ణన బాగా తగ్గించు. కొండే శివుడని, ప్రదక్షిణ 14 కిలోమీటర్లని, దారిలో 8 లింగాలున్నాయని ఇప్పుడు తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ టిఫిన్ సెంటర్ల బోర్డులు కూడా మన భాషలోకి వచ్చేశాయి. నువ్వు నిలబడాల్సింది రమణాశ్రమంలో. ఆవు లక్ష్మి సమాధి, దానితోపాటు వల్లి అనే జింకకి, ఒక కాకికి, జాకీ అనే కుక్కకి కట్టిన సమాధులు ఉన్న చోట. నువ్వేమో "కుక్కకి కూడా సమాధి ఉండడం చూసి ఏడుపు ఆగలేదు" అని ఒక్క లైన్లో దాటేసి భోజనాల హాల్లోకి వెళ్లిపోయావు. అమ్మాయ్, అంత దూరం వెళ్లింది ఆ రాయి ముందు నిలబడ్డానికేనేమో! ఎంత ఎత్తుంది? ఎవరైనా పువ్వు పెట్టారా? జనం ఆగుతున్నారా, ఫోటో తీసుకుని పోతున్నారా? ఎవరో పిల్లాడు "కుక్కకి గుడి కట్టారా నాన్నా?" అని అడిగాడని చెప్పావు. వాళ్ల నాన్న ఏమన్నాడు? నీ ఏడుపు నువ్వు చెప్పక్కర్లేదు. ఆ పిల్లాడి మాట చెప్తే చాలు.

ఇలాంటివి ఎలా రాయాలో తెలియాలంటే సూరి నాగమ్మ గారి ఉత్తరాలు తెచ్చుకుని చదువు. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి ఆవిడ. 1940ల్లో ఆశ్రమంలో ఉంటూ అక్కడి సంగతులు అన్నగారికి తెలుగులో రాసి పంపేవారు. లక్ష్మి 1948 జూన్ 18న పోయింది. రమణులు వచ్చి పక్కన కూర్చుని దాని తల మీద చెయ్యి వేశారు. నాగమ్మ గారు ఇలాంటివాటికి పెద్ద మాటలు వాడరు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరేం అడిగారు, ఆయనేం అన్నారు, అంతే. చదివాక ఆ గొడ్లపాకలో మనమూ ఒక పక్కన నిలబడి ఉన్నట్టుంటుంది.

ఆశ్రమం దాటి ముందుకెళ్తే యమలింగం. అక్కడ దణ్ణం పెట్టుకున్నానని రాసి ముందుకి నడిచావు. యముడి దగ్గర నాలుగేసి కళ్ల కుక్కలు రెండున్నాయనీ, పోయినవాళ్ల దారికి అవే కాపలా అనీ ఋగ్వేదంలో ఉంది. దేవతల కుక్క సరమ పిల్లలు అవి. కుక్కని పోగొట్టుకుని, రాత్రిపూట చెప్పుల్లేకుండా ఆ గుడి ముందు నుంచి నడిచిన మనిషివి నువ్వు! పేజీ మీద ఇంతకంటే మంచి చోటు దొరుకుతుందా?

దీన్ని వదిలేసి ధర్మరాజు వెంట నడిచిన కుక్కని తెచ్చావు. నా దగ్గరికొచ్చే ప్రతి కుక్క వ్యాసంలోనూ ఆ కుక్క నడుస్తూనే ఉంటుంది, పాపం స్వర్గం చేరినా దానికి విశ్రాంతి లేదు. పైగా చివరికి చూస్తే అది కుక్కే కాదు, మారువేషంలో ఉన్న ధర్ముడు. పండు చివరిదాకా కుక్కే కదా. భారతంలో కుక్క కావాలంటే మొదటికి వెళ్లు. ఆదిపర్వంలో జనమేజయుడి యజ్ఞం జరిగే చోటికి ఒక కుక్కపిల్ల వస్తుంది. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. అది ఏడ్చుకుంటూ తల్లి దగ్గరికి పోతుంది. ఆ తల్లే సరమ. నేరుగా రాజు దగ్గరికొచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. నన్నయ ఆ తల్లికుక్క చేత పద్యం కూడా చెప్పించాడు. అంత పెద్ద కథ మొదట్లోనే ఒక కుక్కకి జరిగిన అన్యాయం ఉంది, దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

ముగింపులో నల్లకుక్క. కుబేరలింగం దాకా నీ వెంటే వచ్చింది, దాని కళ్లలో పండు కనిపించాడు. తీసెయ్యి. ఆ కుక్క నీ వెంట వచ్చింది నీ చేతిలో పార్లేజీ ప్యాకెట్ ఉందని. అది దాని ఊరు, దాని దారి, పౌర్ణమికి దానికి నాలుగు బిస్కెట్లు ఎక్కువ దొరుకుతాయి. దాన్ని పండుగా మార్చడం పండుకీ మర్యాద కాదు, దానికీ కాదు. ఇప్పుడు ఇంట్లో కుక్క లేకపోయినా, బస్సెక్కే ముందు అలవాటుగా ఆ ప్యాకెట్ కొని బ్యాగ్‌లో వేసుకున్నావే, అది రాయి.

ఇక అసలు సంగతి. అది రాతలో లేదు, రాతతోపాటు పెట్టిన మెసేజ్‌లో ఉంది. నైరుతి లింగం దాటాక కాళ్లు బొబ్బలెక్కి ఒక తోపుడుబండి దగ్గర ఆగావు. అనకాపల్లి నుంచి వచ్చిన పెద్దావిడలు కొందరు కలిశారు. వేడివేడి ఇడ్లీలు తింటుంటే, వాళ్లలో ఒకావిడ వాళ్లాయన బస్సులోంచి ఎవరిదో సంచీ మోసుకొచ్చేసి, రూమ్‌లో తెరిచి చూసుకుంటే అందులో అన్నీ చంటిపిల్లల బట్టలే ఉన్నాయని చెప్పింది. కడుపు పట్టుకుని నవ్వావు. తెల్లారుజామున రూమ్‌కొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది, సాయంత్రం నుంచి పండు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదని. వాడికి ద్రోహం చేసినట్టనిపించి బాత్రూమ్‌లోనే కూర్చుని ఏడ్చావు. "ఇది మాత్రం రాయలేదు మేడమ్, చదివేవాళ్లు నన్నేమనుకుంటారో అని టెన్షన్."

ప్రయాణంలో ఊరట అనేది ఏదైనా ఉంటే, అది ఇలాగే వస్తుంది. ఇంట్లో ప్రతి గంటా పండుదే. ఐదున్నరకి బెల్టు చప్పుడు, ఎనిమిదింటికి గిన్నె, సాయంత్రం బాల్కనీలో కింద పోయే కుక్కల మీద అరుపులు. వాడు పోయినా ఆ గంటలు ఎక్కడికీ పోలేదు, ఖాళీగా అక్కడే ఉన్నాయి. కొత్త ఊళ్లో ఆ గంటలకి వేరే పనులు పడతాయి. బస్సు ఎన్నింటికి, బాత్రూమ్ క్యూ ఎంత, చెప్పులెక్కడ పెట్టాలి, పక్క సీటావిడ గురక ఎప్పుడు ఆగుతుంది. వాడు ఎన్నడూ తిరగని చోట వాడి ఖాళీ కూడా తక్కువే కనపడుతుంది. నువ్వు అడక్కుండానే ఇది జరిగిపోతుంది. జరుగుతున్నప్పుడు తెలీదు, తెలిసిన క్షణంలో సిగ్గేస్తుంది. ఆ ఇడ్లీబండి, ఆ నవ్వు, ఆ సిగ్గు లేకుండా "కొండ నా దుఃఖాన్ని తీసుకుంది" అని రాస్తే నేను నమ్మను. అసలు ఆ వాక్యం నువ్వూ నమ్మలేదు, నమ్మి ఉంటే ఆ మెసేజ్ పెట్టేదానివి కాదు.

చదివేవాళ్లు ఏమనుకుంటారో అన్నావు. కుక్కని పెంచినవాళ్లు తమకీ అలాంటి పూట ఒకటి ఉందని గుర్తు తెచ్చుకుంటారు. పెంచనివాళ్లు ఎలాగూ కుక్కేగా అంటారు, వాళ్ల కోసం ఏం దాస్తావు?

తిరిగొచ్చిన పొద్దున సంగతి కూడా కావాలి నాకు. గుమ్మం ముందు నిలబడి తాళాల కోసం బ్యాగ్ జిప్ తీశావు కదా. మామూలుగానే లాగావా, చప్పుడు కాకుండా మెల్లగా తీశావా? నాకు చెప్పక్కర్లేదు, రాతలో పెట్టు.

చిన్నవి కొన్ని. 'మూగజీవి' అనే మాట లెక్కలేనన్ని చోట్ల ఉంది. పండు పొద్దస్తమానం అరిచేవాడని నువ్వే రాశావు, ఆ మాట తీసేసి వాడి పేరు పెట్టు. చివర్లో పెట్టిన ఇంగ్లీషు కొటేషన్ వద్దు, ఎవరిదో కూడా తెలీదు. డాక్టరు పేరు, క్లినిక్ పేరు రెండూ తీసెయ్. తేదీలు ఒకసారి సరిచూసుకో, ఒక చోట మే అనీ ఇంకో చోట శ్రావణమాసం అనీ ఉంది.

తిరగరాయడానికి తొందరేమీ లేదు. దసరా లోపు అయితే నేను ఇక్కడే ఉంటాను, ఆ తర్వాత మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం నా కళ్ల వల్ల కాదు. ప్రింట్ తీసి, లైన్ల మధ్య కాస్త ఖాళీ వదిలి పోస్ట్‌లో పంపు. మీ అమ్మకి నా నమస్కారం చెప్పు. ఆవిడ పండు గిన్నె ఇంకా తియ్యలేదన్నావు, తియ్యమని నువ్వు ఒత్తిడి చెయ్యకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి