ప్రింటర్ 'రెడీ' అంటుంది, కంప్యూటర్ 'ఆఫ్‌లైన్' అంటుంది

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న ఆడిటర్ ఆఫీసు. ఆరు కంప్యూటర్లకీ కలిపి ఒకటే నెట్‌వర్క్ ప్రింటర్. రాత్రి కరెంటు పోయొస్తే చాలాసార్లు పొద్దున్నే అన్ని సిస్టమ్స్‌లోనూ 'ఆఫ్‌లైన్' అని వస్తోంది. ప్రింటర్ మీద మాత్రం 'రెడీ' అనే ఉంటుంది. సర్వీసు అబ్బాయి వచ్చి "ఐపీ మారింది మేడమ్" అంటూ ఏదో సరిచేసి డబ్బులు తీసుకెళ్తాడు. జీఎస్టీ రిటర్నుల రోజుల్లో ఇలా అయితే ప్రాణం మీదికొస్తోంది. ఈ ఐపీ, డీహెచ్‌సీపీ, పోర్టు ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పండి.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ప్రింటర్‌కి ఏ జబ్బూ లేదండీ. దాని అడ్రస్ మారింది, ఆ సంగతి మీ కంప్యూటర్లకి తెలియలేదు.

ముందు ప్రింటర్ మెనూలో రిపోర్ట్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయండి. అందులో 192.168.1.37 లాంటి నంబరు ఉంటుంది. అదే ఐపీ అడ్రస్. ఈ నంబర్లు పంచిపెట్టేది మీ రౌటర్‌లో ఉండే డీహెచ్‌సీపీ. లాడ్జిలో గదిలాగా కొంత గడువుకే ఇస్తుంది, ఖాళీ అయితే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కరెంటు పోయొచ్చాక చాలా చిన్న రౌటర్లకి పాత లెక్క గుర్తుండదు. ముందుగా కనెక్టయిన ఎవరి ఫోన్‌కో ఆ 37 వెళ్లిపోతుంది, ప్రింటర్‌కి 42 వస్తుంది. మీ కంప్యూటర్లేమో ఇంకా 37కే పంపిస్తూ కూర్చుంటాయి.

దీనికి మందు డీహెచ్‌సీపీ రిజర్వేషన్. అదే కాన్ఫిగరేషన్ పేజీలో మ్యాక్ అడ్రస్ అని పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసినది ఉంటుంది. అది ఫ్యాక్టరీలోనే వేసింది, కరెంటు పోయినా మారదు. ఆ మ్యాక్ ఉన్నదానికి ఎప్పుడూ 37నే ఇవ్వమని రౌటర్‌లో రాసిపెట్టాలి. ఒక్క జాగ్రత్త: కేబుల్‌కి ఒక మ్యాక్, వైఫైకి వేరే మ్యాక్ ఉంటాయి. మీరు దేనితో కలిపారో దానిదే ఇవ్వండి. కొందరు ప్రింటర్‌లోనే స్టాటిక్ ఐపీ, అంటే మారని నంబరు, కొట్టేసి వెళ్తారు. ఆ నంబరు రౌటర్ పంచే వరసలోనే ఉంటే రేపు అదే నంబరు మరో ల్యాప్‌టాప్‌కి వెళ్లి రెండూ కొట్టుకుంటాయి. అందుకే నేను ఆఫీసులకి రిజర్వేషనే పెట్టిస్తాను.

ఇక పోర్టు. అంటే కంప్యూటర్ ప్రింటర్‌కి ప్రింటుని పంపే దారి. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ చూడండి. అక్కడ డబ్ల్యూఎస్‌డీ అని ఉంటే విండోస్ తనంతట తానే ప్రింటర్‌ని వెతుక్కుందని అర్థం. సులువే గానీ, ఈ ఆఫ్‌లైన్ గొడవ దీనితోనే ఎక్కువ చూశాను. దాని బదులు స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు పెట్టించి, స్థిరపడిన ఐపీ నంబరు అందులో ఇప్పించండి. అందులో పోర్టు నంబరు అడిగితే మామూలుగా 9100.

గేట్‌వే అంటే బయటి ఇంటర్నెట్‌కి దారి, అంటే మీ రౌటర్. ఆఫీసు లోపల ప్రింటుకి దానితో పని లేదు. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని ఉంటే, ప్రింటర్‌కీ కంప్యూటర్‌కీ ఐపీలో చుక్కలతో విడదీసిన మొదటి మూడు భాగాలూ (192.168.1 లాగా) ఒకటే ఉండాలని గుర్తుంచుకుంటే చాలు.

మళ్లీ ఆఫ్‌లైన్ వస్తే సర్వీసుకి ఫోన్ చేసేముందు బ్రౌజర్‌లో ప్రింటర్ ఐపీ కొట్టి చూడండి. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటే నెట్‌వర్క్ బాగుంది, తేడా ఆ కంప్యూటర్ సెట్టింగులోనే. తెరుచుకోకపోతే కాన్ఫిగరేషన్ పేజీ మళ్లీ తీయండి. నంబరు 169.254తో మొదలైతే ప్రింటర్‌కి రౌటర్ అందలేదని అర్థం. వెనక కేబుల్ వదులైందేమో, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెలో ఆ కేబుల్ దగ్గరి లైటు వెలుగుతోందో లేదో చూడండి. ఒక్క ల్యాప్‌టాప్‌కే ఇబ్బందైతే అది గెస్ట్ వైఫైలో, అంటే బయటివాళ్ల కోసం వేరుగా పెట్టిన వైఫైలో, ఉందేమో చూడండి. గెస్ట్‌లో ఉన్నవాటికి ఆఫీసు ప్రింటర్ సాధారణంగా కనపడదు.

సర్వీసు అబ్బాయి వచ్చినప్పుడు "రిజర్వేషన్ పెట్టు, ఆరింటిలోనూ టీసీపీ/ఐపీ పోర్టుకి మార్చు" అని అడగండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అతని దగ్గర రాయించుకుని మీ ఫైల్లో పెట్టుకోండి. రౌటర్ మార్చిన రోజున ఈ రిజర్వేషన్ మళ్లీ పెట్టాల్సి ఉంటుంది.