ఏం చేయలేడో ముందు రాయి

ఒంగోలు

అబ్బాయా,

నువ్వు పంపిన ఆన్‌లైన్ గేమ్ కథా, క్లాసుల (అంటే ఆడేవాడు ఎంచుకునే పాత్రల రకాల) వివరాలూ రెండుసార్లు చదివాను. పన్నెండు క్లాసులు, ఒక్కోదానికి ఇరవై స్కిల్స్, అంటే ఆ పాత్ర చేయగల పనులు. నీ కష్టం చూసి ముచ్చటేసింది. కానీ నిప్పు బాణం, మంచు బాణం, విషపు బాణం అని మూడు క్లాసులకు మూడు రాశావు. మూడూ దూరం నుంచే కొడతాయి, మూడూ ఆరు సెకన్లకోసారే. రంగు మారింది గానీ ఆడేవాడి చేతికి పని మారలేదు.

2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ తొమ్మిది క్లాసులతోనే మొదలైంది. అందులో మేజ్ (మంత్రగాడు) నిండు మానాతో, అంటే మంత్రశక్తితో దిగుతాడు, మంత్రం వేసినకొద్దీ అది తరుగుతుంది. వారియర్ (యోధుడు) రేజ్, అంటే కోపం, ఖాళీగా మొదలై దెబ్బ కొట్టినా తిన్నా పెరుగుతుంది, పోరు ఆగితే దిగిపోతుంది. రోగ్ (చాటుగా దెబ్బతీసేవాడు) ఎనర్జీ దానంతటదే నిండుతూ ఉంటుంది. అంటే ఒకడు పొదుపు చేయాలి, ఒకడు మీదికి దూకాలి, ఒకడు ఓపిక పట్టాలి. స్కిల్స్ పేర్లు చెరిపేసినా ఎవరెవరో తెలిసిపోతుంది. నీ పన్నెండుమందికీ ఈ పరీక్ష పెట్టి చూడు.

ఒకసారి నేనూ ఒక చిన్న గేమ్‌కి హీలర్ (గాయాలు మాన్పే పాత్ర) క్లాస్ రాశాను. ఆ పాత్ర మీద ఇష్టంతో గాయం మాన్పే శక్తి, డాలు, దూరపు దెబ్బ, అన్నీ ఆమెకే ఇచ్చేశాను. ఆడి చూడటానికి వచ్చిన ఐదుగురూ ఆమెనే తీసుకున్నారు. ఎవరికీ ఎవరి అవసరమూ లేదు. పక్కపక్కనే ఉండి ఎవరి ఆట వాళ్లు ఆడుకున్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. డాలు తీసేశాక గానీ ట్యాంక్‌కి, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచే పాత్రకి, పని దొరకలేదు. అప్పట్నుంచి ఏ క్లాస్‌కైనా ఏం చేతకాదో ముందు రాసుకుంటున్నాను.

కొత్తపట్నంలో అలివి వల లాగడం చూశావా? తాడు ఒక కొస ఒడ్డునే ఉంచి, పడవవాళ్లు వలను సముద్రంలో చుట్టూ తిప్పి రెండో కొస ఒడ్డుకు తెస్తారు. తర్వాత రెండు జట్లు రెండు వైపుల నుంచి లాగుతాయి. ఒక జట్టు తొందరపడితే చేప జారుకుంటుంది. పడవలో ఉన్నవాడు లాగలేడు, తాడు పట్టినవాడికి లోపల ఏముందో కనపడదు. నీ కథ సముద్రం ఒడ్డున జరుగుతుంటే ఎక్కడి ఎల్ఫులనో (పాశ్చాత్య కథల్లోని మాయజాతి వాళ్లను) ఎందుకు తెచ్చావు నాయనా?

ఇక ఆ ఇరవై స్కిల్స్ సంగతి. 2005లో మొదలైన గిల్డ్ వార్స్ అనే గేమ్‌లో తర్వాతి భాగాలతో కలిపి స్కిల్స్ వెయ్యి దాటాయి. అయినా వెంట తీసుకెళ్లేది ఎనిమిదే. ఊళ్లో ఉండగానే ఎంచుకోవాలి, పోరుకు వెళ్లాక మార్చుకునే వీల్లేదు. ఏది వదిలేయాలా అని ఆడేవాడు అక్కడే తల పట్టుకుంటాడు. ఆట సగం ఆ ఆలోచనలోనే ఉంది.

‘శత్రువుపై భయంకరమైన దాడి’ అని పదకొండు చోట్ల రాశావు. అన్నీ కొట్టేయ్. ‘తాడు బిగిస్తే వాడు మూడు సెకన్లు కదల్లేడు, అంతసేపూ నువ్వూ కదల్లేవు’ అని రాయి.

ప్రస్తుతానికి నాలుగు క్లాసులు చాలు. ఆదివారం తెల్లారకముందే కొత్తపట్నం ఒడ్డుకు రా, నోట్‌బుక్ తెచ్చుకో. తాడు పట్టేవాడి క్లాస్ అక్కడే కూర్చుని మొదలుపెడదాం.